ఘాట్‌లో ఆగిన లారీకి తాడు కట్టొచ్చా?

లారీ, ట్రాక్టర్ ఓనర్ల ఉత్తరాలకు ఈ పేజీలో జవాబులు ఇస్తున్నాం. ఈసారి వచ్చినవి ఇంచుమించు అన్నీ ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే, అందులో సగం లాగుడు గొడవలే. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మాది రాయగడ. నాకొకటి, మా తమ్ముడికొకటి పది చక్రాల లారీలున్నాయి. పోయిన నెల నవరంగపూర్ నుంచి మొక్కజొన్న లోడుతో విశాఖ వెళ్తుంటే పొట్టంగి దాటాక, సుంకి దగ్గర నా బండి ఇంజిన్ పట్టేసింది. తమ్ముడి బండి వెనకే ఉంది, తాడు కట్టి మెల్లగా సాలూరు దించేద్దామంటే డ్రైవర్ ఒప్పుకోలేదు. చివరికి క్రేన్ పిలిచి, అడిగినంత ఇచ్చి దింపించాం. డ్రైవర్ అనవసరంగా భయపడ్డాడా?

జవాబు: ఆ డ్రైవర్‌ని వదులుకోకండి. క్రేన్ వాళ్లు ఎక్కువే అడిగి ఉంటారు, ఘాట్‌లో ఆగిన బండి దగ్గర బేరం ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే. కానీ దిగుడులో లోడు బండిని తాడుతో దించడమనేది బేరంతో తేలే విషయం కాదండీ. తాడు ముందుకు లాగగలదు, అంతే. వెనక బండి జోరందుకుని ముందు బండి మీదికి వస్తుంటే తాడు వదులై కింద ఈడుస్తుంది, దాని వల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

ఇంజిన్ ఆగితే గాలి కంప్రెసర్ కూడా ఆగుతుంది. ట్యాంకుల్లో మిగిలి ఉన్న గాలితోనే బ్రేకు పడాలి, కాలు పెట్టిన ప్రతిసారీ గాలి మీటరు ముల్లు కాస్త కిందికి జారుతుంది. సుంకి ఘాట్ మలుపుల్లో కాలు ఎన్నిసార్లు పెట్టాల్సి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గాలి బాగా తగ్గితే బజర్ మోగుతుంది, ఇంకా తగ్గితే వెనక చక్రాల దగ్గరుండే బ్రేకు చాంబర్లలోని స్ప్రింగులు వాటంతట అవే బ్రేకు పట్టేస్తాయి, అంటే బండి ఏ మలుపు మధ్యలోనో బిగుసుకుంటుంది. ఇది మంచి రకం ప్రమాదం. చెడ్డ రకం ఇంకోటి ఉంది. గాలి లేదు కాబట్టి చక్రాలు తిరగడం లేదని స్ప్రింగ్ బ్రేకుల్ని బోల్టుతో వదులు చేసి లాగుతారు చూశారా, అప్పుడు ఆ బండికి కాలు బ్రేకూ ఉండదు, చేతి బ్రేకూ ఉండదు. పైగా ఇంజిన్ లేకపోతే పవర్ స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. అలాంటి లోడు బండి, దానికి ముందు ఒక తాడు, తాడుకి ముందు మీ తమ్ముడు.

ఘాట్‌లో చేయాల్సింది వేరు. ముందు చక్రాల కింద అడ్డు పెట్టాలి, చేతికందిన గులకరాయి కాదు, చెక్క దిమ్మో కోణంగా ఉన్న పెద్ద రాయో పెట్టాలి. ఎరుపు త్రికోణం బండికి ఆనించినట్టు కాకుండా పై మలుపులో, వచ్చేవాడికి ముందే కనబడేంత దూరంలో పెట్టండి. (చెట్టు కొమ్మలు విరిచి రోడ్డు మీద వేయడం మన అలవాటు, పగలు పరవాలేదు, రాత్రి మంచులో కొమ్మ ఎవడికి కనబడుతుంది?) వీలైతే లోడు వేరే బండికి మార్చండి. దించి తీరాలంటే క్రేన్ అయినా కావాలి, గట్టి ఇనుప బార్ అయినా కావాలి. బార్ అయితే వెనక బండిని ముందు బండి ఆపగలదు, అది కూడా ఖాళీ బండి అయితేనే. దానికి తోడు ముందు బండి నుంచి వెనక బండి ట్యాంకుకి గాలి పైపు కలపాలి. టైరుకి గాలి పట్టే పాయింటు చాలా బండ్లకు ఉంటుంది, దాన్నుంచి పైపు వేసుకోవచ్చు. ట్యాంకో పైపో పగిలి గాలి నిలవకపోతే మాత్రం ఆ దారి లేదు, క్రేనే.

ఇక చదును రోడ్డు మీద, షెడ్డు దాకా లాగడం. ఇది మీరే చేసుకోవచ్చు, కానీ చాలామంది ఒక పని మానేసి గేర్‌బాక్స్ పోగొట్టుకుంటున్నారు. న్యూట్రల్‌లో ఉంచాం కదా అనుకుంటారు. న్యూట్రల్‌లో ఉన్నా వెనక చక్రాలు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతుంది, దాంతో గేర్‌బాక్స్‌లో మెయిన్ షాఫ్ట్ తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి ఆయిల్‌ని పైకి చిమ్మే కింది షాఫ్ట్ మాత్రం తిరగదు. నాలుగైదు కిలోమీటర్లు లాగేసరికి బుష్‌లు, బేరింగులు ఎండి కాలతాయి. ఇంజిన్ పని కోసం షెడ్డుకి వచ్చిన బండి గేర్‌బాక్స్ పని కూడా చేయించుకుని పోతుంది. అందుకని వెనక ఇరుసు మధ్యలో ఉండే క్రౌన్ దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీయండి. ఊడదీసే ముందు రెండు ఫ్లాంజుల మీదా అడ్డంగా ఒక గీత గీయండి, మళ్లీ బిగించేటప్పుడు గీతలు కలవాలి, లేకపోతే బండి వణుకుతుంది. ఊడిన కొసని ఛాసిస్‌కి గట్టిగా కట్టేయండి, బోల్టులు ఒక డబ్బాలో వేసుకోండి. గేర్‌బాక్స్ వెనక డ్రమ్ము మీద చేతి బ్రేకు పనిచేసే చిన్న బండ్లు కొన్ని ఉన్నాయి, వాటికి షాఫ్ట్ తీశారంటే చేతి బ్రేకు కూడా పోయినట్టే. కాబట్టి అడ్డు దిమ్మలు ముందు, పానా తర్వాత.

స్ప్రింగ్ బ్రేకు వదిలించే పద్ధతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వెనక చాంబర్ వెనక వైపు మధ్యలో రబ్బరు మూత ఉంటుంది. చాంబర్ పక్కనే ఒక పొడవాటి బోల్టు తగిలించి ఉంటుంది, చాలా బండ్లకు అది ఉందని ఓనరుకే తెలియదు. మూత తీసి బోల్టు లోపలికి తోసి, పావు చుట్టు తిప్పితే పట్టుకుంటుంది. ఇక నట్టు బిగిస్తూ పోతే లోపలి స్ప్రింగు నొక్కుకుని చక్రం వదులవుతుంది. బోల్టు చాంబర్‌లోనే బిగించి వచ్చే రకాలకు పానాతో తిప్పితే చాలు. చాంబర్ చుట్టూ ఉన్న క్లాంపు పట్టీని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. లోపలి స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కి ఉంటుంది, పట్టీ విప్పితే మూత ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. చాంబర్ లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రం, మార్చుకోవడం ఇంట్లో చేసే పనే అనుకునేవాళ్లు ముందు వైపు చాంబర్లతో సరిపెట్టుకోండి.

రూలు కూడా చెప్పేస్తాను. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. వెనక బండి స్టీరింగ్ మీద ఆ బండికి సరిపడే లైసెన్స్ ఉన్న మనిషే కూర్చోవాలి, క్లీనర్‌ని కూర్చోబెట్టకూడదు. వెనక 'ఆన్ టో' అని బోర్డు ఉండాలి. తాడు మధ్యలో ఎర్ర గుడ్డ కట్టండి, లేకపోతే బైకు మీద వచ్చేవాడు రెండు బండ్ల మధ్య నుంచి దూరిపోదామనుకుంటాడు. మన ఊళ్లలో ఇది మామూలే.

ప్రశ్న: గుణుపురం దగ్గర పల్లె మాది. బురదలో దిగబడ్డ వ్యాన్‌ని ట్రాక్టర్‌తో లాగుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, గుండె ఆగినంత పనైంది. ముందు బరువు వేస్తే సరిపోతుందా? వడ్ల బస్తాలు వేసిన తొట్టితో గట్టు ఎక్కేటప్పుడు కూడా ఇలాగే లేస్తోంది.

జవాబు: తాడు ఎక్కడ కట్టారో రాయలేదు, కానీ టాప్ లింకు దగ్గరో, సీటు వెనక పైనున్న కొక్కేనికో కట్టి ఉంటారు. వెనక ఇరుసు కంటే ఎత్తులో తాడు కట్టి లాగితే, ఎదుటి బండి కదలనప్పుడు ట్రాక్టర్ తన ఇరుసు చుట్టూ తానే పైకి తిరుగుతుంది. అది వెనక్కి తిరగబడడానికి పట్టే సమయంలో క్లచ్ మీదికి కాలు వెళ్లదు. ఎప్పుడైనా సరే కింద ఉన్న డ్రాబార్‌కే కట్టాలి, ఇరుసుకి దిగువనే. ముందు బరువు వేయడం మంచిదే, కానీ తాడు పైన కట్టి ముందు బరువు వేస్తే ప్రమాదం కాస్త ఆలస్యమవుతుంది, తప్పదు.

తాడు వదులుగా ఉంచి ఊపు మీద గుంజడం కూడా మానండి. ముందు మెల్లగా బిగువు తెచ్చి తర్వాతే లాగాలి. ఇనుప తాడు అయితే మధ్యలో తడిపిన గోనె సంచి రెండు మూడు మడతలు వేసి వేలాడదీయండి, తెగితే ఆ సంచి బరువుకి తాడు కిందికి పడుతుంది. తెగిన తాడు కొస ఎవరి మొహం మీదికి వస్తుందో చెప్పలేం. తాడు పొడవు ఎంతో అంత దూరం లోపల మనుషులెవరూ నిలబడకూడదు. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని పక్కనే నిలబడి చేతులూపే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ముందు వాళ్లని పంపేయండి. లాగే ముందు వ్యాన్ చక్రాల ముందు మట్టి తవ్వి ఎండుగడ్డో రాళ్లో వేస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

తొట్టి సంగతికొస్తే, రెండు చక్రాల తొట్టికి బస్తాలన్నీ ముందుకి నెట్టి వేస్తే ఆ బరువు హుక్కు మీద పడి ట్రాక్టర్ ముందు భాగం తేలిపోతుంది. అన్నీ వెనక్కి వేస్తే తొట్టి హుక్కుని పైకెత్తుతుంది, ట్రాక్టర్ పెద్ద చక్రాలకు పట్టు పోయి ఎక్కుడులో జారతాయి. బస్తాలు ఇరుసుకి అటూ ఇటూ పరిచి, ముందువైపు కాస్త ఎక్కువ ఉండేలా చూడండి. హుక్కు పిన్నుకి పక్క పిన్ను తప్పకుండా పెట్టండి, మేకు వంచి పెట్టడం కాదు. పిన్ను ఊడినా తొట్టి విడిపోకుండా గొలుసు కూడా ఒకటి ఉండాలి. తొట్టికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ట్రాక్టర్ బీమాలో తొట్టి కూడా చేరి ఉండాలి. ఇది మామూలు రోజుల్లో ఎవరూ అడగరు, ఏదైనా జరిగిన రోజున మొదట అడిగేది ఇదే.

ప్రశ్న: జయపురం నుంచి. నాది బీఎస్ 6 లారీ. డీఈఎఫ్ (పొగను శుద్ధి చేయడానికి పోసే యూరియా ద్రవం) బకెట్లకు అవుతున్న ఖర్చు చూసి మావాళ్లు యూరియా బస్తా కొని నీళ్లలో కలిపి పోయమంటున్నారు. అదీ యూరియానే కదా?

జవాబు: పోయకండి. డీఈఎఫ్‌లో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలానికి వేసే యూరియాకి మన దేశంలో వేపనూనె పూత ఉంటుంది, అది, బోరు నీళ్లలోని సున్నం, ఇంకా ఇతర మలినాలు కలిసి డీఈఎఫ్ చిమ్మే సన్నటి నాజిల్‌నీ, వెనక పొగను శుద్ధి చేసే కేటలిస్ట్‌నీ పూడ్చేస్తాయి. కేటలిస్ట్ మార్చే బిల్లుతో డీఈఎఫ్ బకెట్లు ఎన్ని వస్తాయో షోరూంలో అడిగి చూడండి. మామూలుగా వంద లీటర్ల డీజిల్‌కి మూడు నుంచి ఐదు లీటర్ల డీఈఎఫ్ పోతుంది, మీకు అంతకంటే బాగా ఎక్కువ పోతుంటే లీకు ఎక్కడో చూడండి, పైపు జాయింట్ల దగ్గర తెల్లటి ఉప్పులాగా పేరుకుని ఉంటుంది. పైగా రైతు సబ్సిడీ యూరియాని ఇలా వాడితే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద కేసవుతుంది. సెన్సర్‌ని మోసం చేసే డబ్బా పెట్టిస్తామని తిరిగేవాళ్ల మాట కూడా వినొద్దు.

ప్రశ్న: సెమిలిగుడలో ఉంటాం. చలికాలం వచ్చేసరికి పొద్దున్నే గాలి ఎక్కడానికి చాలా సేపు పడుతోంది, ట్యాంకు డ్రెయిన్ తిప్పితే నీళ్లు, జిడ్డు వస్తున్నాయి. కంప్రెసర్ పోయిందంటారా?

జవాబు: వచ్చేది నీళ్లయితే కంప్రెసర్ కాదు, గాలిలో తేమ పీల్చే ఎయిర్ డ్రైయర్ కార్ట్రిడ్జ్ పని అయిపోయింది. మార్చేయండి, అది మీరే చేసుకోగల పని. గాలి మొత్తం వదిలేసి, ఆయిల్ ఫిల్టర్‌లాగే తిప్పి తీసి కొత్తది బిగించడమే. వచ్చేది నల్లటి నూనె అయితే అప్పుడు కంప్రెసర్ రింగులు అరిగాయి, మేస్త్రీని పిలవండి. రెండూ కలిసి బూడిదరంగు జిడ్డుగా వస్తుంటే ముందు కార్ట్రిడ్జ్ మార్చి కొన్నాళ్లు చూడండి.

గాలి ఎక్కకపోవడానికి లీకు కూడా కారణం కావచ్చు. చక్రాలకి అడ్డు పెట్టి, గాలి నిండా ఎక్కాక ఇంజిన్ ఆపి, చేతి బ్రేకు వదిలేసి ముల్లునే చూస్తూ కూర్చోండి. తర్వాత ఇంకొకరిని కాలు బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ చూడండి. తొక్కినప్పుడే దిగితే చాంబర్ డయాఫ్రమో వాల్వో, ఎప్పుడూ దిగుతుంటే పైపులో జాయింట్లో. సబ్బు నురుగు రాస్తే బుడగలే చెప్తాయి. రాయగడ మీదుగా వెళ్లేవాళ్లు మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టకుండా కదలరు కదా, ఆ కాయ కొట్టే టైములోనే ట్యాంకు డ్రెయిన్ కూడా ఒకసారి తిప్పండి.

ప్రశ్న: పర్లాకిమిడి. డీజిల్ అయిపోయి పైపుల్లో ఎయిర్ పట్టింది. పాత బండికి ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లం. కొత్త బండికీ అలాగే చేయొచ్చా?

జవాబు: కొత్త కామన్ రైల్ బండికి (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ వెళ్లే రకం) ఆ నట్ల జోలికే వెళ్లొద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్‌కి పైనే ఉంటుంది, మీ టైరులో ఉండేది ఎనిమిదో తొమ్మిదో. సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది, పైకి చూస్తే సూది గుచ్చినంత చుక్కే కనబడుతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ట్యాంకులో డీజిల్ కాస్త దండిగానే పోయండి, ఐదు లీటర్లు పోసి ఘాట్‌లో బండి వాలుగా ఉంటే పైపుకి అందదు. ఫిల్టర్ మీద ఉండే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండండి. ముందు నురుగు, తర్వాత బుడగలు, తర్వాత బుడగలు లేని డీజిల్ వస్తుంది. అప్పుడు పంపు కొడుతుండగానే స్క్రూ బిగించండి. పంపు గట్టిపడేదాకా ఇంకొంచెం కొట్టి సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి అర నిమిషం లోపే, మధ్యలో సెల్ఫ్‌కి విశ్రాంతి ఇస్తూ. డీజిల్ ఉండగానే మాటిమాటికీ ఎయిర్ పడుతుంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య పైపు ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. అక్కడ డీజిల్ కారదు కాబట్టి కంటికి దొరకదు, క్లిప్పులు, వాషర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ రావాలి.

పాఠకుడి చిట్కా: లాక్ రింగు (టైరుని డిస్కు మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న పాత డిస్కు టైరుకి గాలి కొట్టేటప్పుడు రింగు ఎగిరి ప్రాణాలు పోతాయని, గొలుసు చుట్టి కొట్టమని పోయినసారి రాశాం. దానికి మల్కన్‌గిరి నుంచి ఒకాయన, 'గాలి కొడుతూ రింగు మీద సుత్తితో తడుతుంటే చక్కగా కూర్చుంటుంది, మేం ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నాం' అని రాశారు.

అయ్యా, దయచేసి మానేయండి. రింగు కూర్చోలేదని అనుమానం వస్తే గాలి మొత్తం తీసేయాలి, వాల్వు పిన్ను కూడా తీసేయాలి, ఆ తర్వాతే సుత్తి ముట్టుకోవాలి. గాలి ఉన్న టైరు రింగు మీద దెబ్బ వేయడం, దానికి ఎదురుగా మొహం పెట్టడం, రెండూ చేయకూడనివే. ఆయన ఉత్తరంలో ఇంకో మాట మాత్రం బంగారం, అందరూ పాటించండి: టైరు మార్చాక యాభై, వంద కిలోమీటర్లు నడిచాక ఆగి నట్లు మళ్లీ బిగించాలి. పాత బండ్లలో ఎడమ పక్క నట్లకి మర ఎదురు ఉంటుంది, కొత్త క్లీనర్‌కి ముందే చెప్పండి, లేకపోతే విప్పుతున్నాననుకుని బోల్టు విరిచేస్తాడు.

ప్రశ్న: మునిగుడ. పది చక్రాల బండికి వెనక కమాన్లలో (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) ఇంకో రెండు పట్టీలు వేయిస్తే ఎక్కువ లోడు వేసుకోవచ్చా?

జవాబు: పట్టీలు వేస్తే కమాను గట్టిపడుతుంది, అంతవరకే. టైర్లు, డ్రమ్ములు, ఇరుసు, ఛాసిస్ అవే కదా. ఖాళీగా వచ్చేటప్పుడు రోడ్డు దెబ్బలన్నీ ఛాసిస్ తిని, బ్రాకెట్ల దగ్గర చీలిక వస్తుంది. చట్టం ప్రకారం పది చక్రాల లారీకి బండితో కలిపి 28.5 టన్నులే, అది కూడా 2018లో 25 నుంచి పెంచిన తర్వాత. మీ ఆర్‌సీలో అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే మీ లెక్క. దాటితే జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకి 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. కమాను విరిగితే మామూలు మందం పట్టీనే వేయించి, యూ బోల్టులు కొత్తవి వేయండి, లోడుతో ఒక ట్రిప్పు తిరిగాక అవి మళ్లీ బిగించాలి. మెయిన్ ప్లేటు విరిగితే మాత్రం వెల్డింగ్ చేయించొద్దు, మార్చాల్సిందే. వెల్డింగ్ వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.